నాడి కాదు, ఊపిరి లెక్కపెట్టండి: మార్ఫిన్ ఫార్వర్డ్‌కు జవాబు

కేన్సర్ రోగులున్న ఇళ్లకు వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ చేరుతోంది. అందులో ఉన్నవి ఐదు మాటలు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ గుండెను ఆపేస్తుందట. మొదలుపెడితే ఊపిరి ఆగి నాలుగు రోజుల్లో పోతారట. తప్పనిసరైతే ఆక్సీమీటర్‌లో 95 పైన ఉంటే భయం లేదట. మత్తు ఎక్కువైతే కాఫీ పట్టాలట. ట్రమడాల్ మాత్రం మామూలు నొప్పి బిళ్లేనట. ఈ ఐదింటిలో ఒక్కదానికి మాత్రం సగం నిజం ఉంది.

"గుండెను ఆపేస్తుంది"

1969లో బోస్టన్‌లో లోవెన్‌స్టీన్ అనే మత్తు డాక్టర్ బృందం గుండె కవాటాల జబ్బున్నవారికి కూడా కిలో బరువుకు 1 మి.గ్రా. చొప్పున మార్ఫిన్‌ను నరంలోకి ఎక్కించింది. 60 కిలోల మనిషికి 60 మి.గ్రా. అన్నమాట. నొప్పికి మనం ఒకసారి నరంలోకి ఇచ్చేది 2 నుంచి 5. ఊపిరి సంగతి వెంటిలేటర్ చూసుకుంది, గుండె తన పని తాను చేసుకుపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు గుండె ఆపరేషన్లలో మత్తుకు ఈ జాతి మందులే పెద్ద మోతాదుల్లో వాడారు.

రక్తప్రసరణ మీద ప్రభావం అసలు లేదని కాదు. మెదడు అడుగుభాగమైన మెడుల్లాలో, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం మొదలయ్యే చోట, మార్ఫిన్ అతుక్కునే మ్యూ రిసెప్టర్లున్నాయి. వాటి వల్ల నాడి కాస్త నెమ్మదిస్తుంది. మార్ఫిన్ హిస్టమిన్‌నూ విడుదల చేయిస్తుంది కాబట్టి రక్తనాళాలు వదులవుతాయి. పడుకున్నవారికి ఇది తెలియదు. గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినవారికి బీపీ బాగా పడిపోవచ్చు. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి లేపండి. ఇదే జాతికి చెందిన మెథడోన్ కథ వేరు. అది గుండె లయనే చెడగొట్టగలదు, అందుకే దానికి ముందు ఈసీజీ తీస్తారు.

"ఊపిరి ఆగిపోతుంది"

సగం నిజం ఇదే. ఊపిరి లయ పుట్టేది మెడుల్లాలోని ప్రీబోట్జింగర్ అనే చిన్న కణాల గుంపులో. మార్ఫిన్ అక్కడి మ్యూ రిసెప్టర్లకు అతుక్కుంటే కణాల్లోంచి పొటాషియం బయటికి పోతుంది, అవి సంకేతాలు పంపడం తగ్గిస్తాయి. దానికితోడు, కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు 'ఇంకా పీల్చు' అని తరిమే వ్యవస్థ మొద్దుబారుతుంది. మ్యూ రిసెప్టర్ జన్యువు తీసేసిన ఎలుకల్లో మార్ఫిన్ నొప్పినీ తగ్గించలేదు, ఊపిరినీ అణచలేదు. రెండింటికీ ద్వారం ఒక్కటే. తేడా అంతా మోతాదులో ఉంది.

అందుకే నోటి మార్ఫిన్ 4 గంటలకోసారి 5 మి.గ్రా.తో మొదలవుతుంది, వృద్ధులకు 2.5తో. చాలకపోతే ఒక్కో మెట్టుకు 30 నుంచి 50 శాతం పెంచుతారు. ఇలా పెంచితే ముందు మగత వస్తుంది, ఊపిరి తగ్గడం ఆ తర్వాతే. మగత దగ్గరే పట్టుకుంటే సరిపోతుంది. పైగా నొప్పి కూడా ఊపిరిని తరుముతూనే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, రేడియేషన్‌తోనో నరాల బ్లాక్‌తోనో నొప్పి పోయాక కూడా పాత మోతాదే వేస్తూ పోవడం. కిడ్నీలు దెబ్బతిన్నా చిక్కే, మార్ఫిన్ నుంచి తయారయ్యే చురుకైన పదార్థం బయటికి పోక పేరుకుంటుంది. 12 గంటలపాటు మెల్లగా మందు వదిలే బిళ్లను నలిపి వేయడం, నిద్రమాత్రో మందు గ్లాసో తోడవడం, చర్మానికి అంటించే ఇదే జాతి మందు ఫెంటనిల్ ప్యాచ్ మీద వేడి కాపడం పెట్టడం కూడా ప్రాణాల మీదికి తెస్తాయి.

"95 పైన ఉంటే భయం లేదు"

ఐదింటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇది. లెక్క చూడండి. ఊపిరి మందగించి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 40 నుంచి 80కి ఎక్కిందనుకుందాం. మామూలు గాలి పీల్చేవారి ఊపిరితిత్తుల గదుల్లో ఆక్సిజన్ పీడనం దాదాపు 150 − 100, అంటే 50కి పడిపోతుంది (150 పీల్చే గాలిలో ఆక్సిజన్ పీడనం, 100 అనేది 80ని 0.8తో భాగిస్తే వచ్చేది). మీటర్ దాన్ని పట్టేస్తుంది. అదే మనిషికి ముక్కు గొట్టంతో 30 శాతం ఆక్సిజన్ అందుతుంటే 214 − 100, అంటే 114. మీటర్ 98 చూపిస్తూ హాయిగా ఉంటుంది. మనిషి మాత్రం మునుగుతుంటాడు. కాబట్టి గడియారం పెట్టుకుని నిండు నిమిషం రొమ్ము ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి.

"కాఫీ పట్టండి"

స్పృహ సరిగా లేనివారి నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి నిమిషానికి 8 లేదా అంతకన్నా తక్కువై, గట్టిగా పిలిచినా, భుజం తట్టినా లేవకపోతే 108కి ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ప్యాచ్ ఉంటే పీకేయండి. ఊపిరి ఆగితే నోటితో ఊదడమే ప్రాణాధారం. ఈ మందు వల్ల గుండె ఆగేది సాధారణంగా ఆక్సిజన్ అందకనే.

ఆసుపత్రిలో మార్ఫిన్‌కు విరుగుడైన నలాక్సోన్ 0.4 మి.గ్రా. ఆంప్యూల్‌ను సెలైన్‌తో 10 మి.లీ. చేసి, రెండేసి నిమిషాలకు 1 మి.లీ. చొప్పున ఇస్తారు. ఊపిరి పుంజుకోగానే ఆపాలి, పూర్తిగా మెలకువ తెప్పించడం లక్ష్యం కాదు. ఒకేసారి ఆంప్యూల్ అంతా తోసేస్తే అణిగిన నొప్పంతా ఒక్కపెట్టున తిరిగొస్తుంది, బీపీ ఎగబాకుతుంది. దాని పని 30 నుంచి 90 నిమిషాలే, మెల్లగా మందు వదిలే బిళ్లదేమో 12 గంటలు. లేచి మాట్లాడారు కదా అని వెంటనే ఇంటికి తీసుకొచ్చేస్తే దారిలోనే మళ్లీ ఊపిరి మందగించవచ్చు.

"ట్రమడాల్ మామూలు బిళ్లే"

కాలేయంలో ట్రమడాల్ మారి తయారయ్యే పదార్థం అతుక్కునేదీ ఆ మ్యూ రిసెప్టర్‌కే. 2018లో ట్రమడాల్‌ను మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి తెచ్చారు. ఎక్కువైతే ఊపిరి తగ్గడమే కాదు, ఫిట్స్ కూడా వస్తాయి. నలాక్సోన్ ఆ ఫిట్స్‌కు మందు కాదు.