కారన్‌వాలీస్ లంచం తినలేదు సరే, రైతు నోటికాడ కూడు సంగతేంటి?

బెంగాల్‌లో కంపెనీ పాలన నడిపిన వారెన్ హేస్టింగ్స్ మీద బ్రిటిష్ పార్లమెంటులో 1788 నుంచి 1795 దాకా విచారణ నడిపారు, క్లైవ్‌ని మనం ఈరోజుకీ దొంగనే తిడతాం. వాళ్ల తర్వాత గవర్నర్ జనరల్‌గా వచ్చిన లార్డ్ కారన్‌వాలీస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరి గొంతూ మెత్తబడుతుంది, ఆయన నిజాయితీపరుడండీ అంటారు. నేననేది ఏంటంటే మన రైతుకి ఆ ఇద్దరికన్నా ఈ నిజాయితీపరుడే ఎక్కువ నష్టం చేశాడు, ఎందుకంటే దొంగ తిన్నది దొంగతోనే పోతుంది, పెద్దమనిషి రాసిన రెగ్యులేషన్ మాత్రం తరాలు నడుస్తుంది.

మనిషి మంచోడా కాదా అనే గొడవే నాకు లేదు. అమెరికా మీద చట్టాలు చేసే హక్కు మొత్తం మాదే అంటూ బ్రిటన్ 1766లో డిక్లరేటరీ యాక్ట్ తెస్తే లార్డ్స్ సభలో అడ్డుపడింది ఐదుగురు, అందులో ఈ కుర్ర ఎర్ల్, అంటే బిరుదున్న ప్రభువు, ఒకడు. అదే మనిషి పదేళ్లు తిరిగేసరికి అదే అమెరికా మీదకి సైన్యంతో పోయాడు, 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయాడు, లొంగుబాటు రోజు ఒంట్లో బాలేదని కత్తి అప్పగించే పని ఓహారా అనే కింది ఆఫీసర్‌ మీదకి తోసేశాడు. మన ఆఫీసుల్లో గుమాస్తా ఒక ఫైలు పోగొడితే సస్పెన్షన్, ఎర్ల్ గారు యుద్ధమే పోగొడితే ఐదేళ్లు తిరక్కుండా గవర్నర్ జనరల్ పోస్టు! ఆ తర్వాత ఐర్లండ్‌ని బ్రిటన్‌లో కలిపే యూనియన్ యాక్ట్ కోసం అక్కడి సభ్యులకి బిరుదులూ పదవులూ పంచి ఓట్లు కూడగట్టాడు, ఈ మురికి పనికి నామీద నాకే అసహ్యంగా ఉందని ఉత్తరం కూడా రాశాడు. అసహ్యపడ్డాడు గానీ పని ఆపలేదు.

కలెక్టర్ల సొంత వ్యాపారాలు ఆపించాడు, జీతాలు పెంచాడు, శిస్తు వసూలునీ న్యాయాన్నీ వేరు చేశాడు అంటారు. నిజమే. పెద్ద ఉద్యోగాల్లోకి భారతీయుల్ని రానివ్వంది కూడా ఆయనే కదా.

అసలు కథ 1793 పర్మినెంట్ సెటిల్‌మెంట్, అంటే జమీందారు కట్టాల్సిన శిస్తుని శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు. శిస్తులో పదకొండు వంతులకి పది ఈస్టిండియా కంపెనీకి, ఒకటి జమీందారుకి, గడువు రోజు పొద్దుగూకేలోపు డబ్బు కట్టకపోతే ఎస్టేటు వేలం. కంపెనీకి రావాల్సింది శాశ్వతంగా ఫిక్స్, జమీందారు రైతు దగ్గర ఎంత పిండుకోవచ్చో అది మాత్రం ఫిక్స్ కాదు, రైతుకి పట్టా ఇవ్వాలని కాగితం మీద రాశారు గానీ ఇచ్చారా లేదా అని చూసే నాథుడు లేడు. తరతరాలుగా దున్నుతున్నోడు రికార్డులో లేనే లేడు.

ఇదేదో బెంగాల్ గోల అనుకోకండి. నిజాం చేతిలో ఉన్న గుంటూరు సర్కారు 1788లో కంపెనీకి దక్కింది ఈయన హయాంలోనే, 1802 రెగ్యులేషన్‌తో ఆయన సెటిల్‌మెంటే మన సర్కారు జిల్లాలకీ దిగింది, జమీందార్లు లేకుండా నేరుగా ప్రభుత్వం చేతిలో ఉన్న హవేలీ భూముల్ని సైతం ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం పాడి కొత్త జమీందార్లని పుట్టించారు. ఆయన 1805లోనే ఘాజీపూర్‌లో పోయాడు, ఆ ఏర్పాటు పోవడానికి మాత్రం 1948 ఎస్టేట్ల రద్దు చట్టం రావాల్సొచ్చింది. హేస్టింగ్స్ మీద మోపిన నేరాల్లో అన్నాళ్లు బతికిన నష్టం ఒక్కటి చూపించండి.

మరి ఇప్పుడు మనమేం చేస్తున్నాం? ఏ నాయకుడి గురించి మాట్లాడినా క్లీన్ ఇమేజా కాదా, తిన్నాడా లేదా, అక్కడితో చర్చ క్లోజ్. ఆయన సంతకం పెట్టిన కాగితంలో ఎవరి పేరుంది, ఎవరి పేరు లేదు అని అడిగేవాడు లేడు. ఆంధ్రాలో 2019 పంట సాగుదారుల చట్టం చూడండి, కౌలు రైతు కార్డు కావాలంటే భూమి ఓనర్ సంతకం కోసం ఆయన గుమ్మం ఎక్కాలి, సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని ఓనర్ భయం. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలుపెట్టినప్పుడు ఎకరాకి పంటకి 4000 పాస్‌బుక్‌లో పేరున్నోడికి పడ్డాయి, ఆయన హైదరాబాద్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా సరే, ఆ పొలాన్ని కౌలుకి దున్ని అప్పులపాలైనోడికి ప్రభుత్వం నుంచి పైసా రాలేదు.