ఢిల్లీ కంటే నయమట!

ఎండుటాకులు పోగేసి, వాటిపై పాలిథిన్ సంచులూ పాత చెప్పులూ వేసి పొద్దున్నే నిప్పంటించిన మా కాలనీ పెద్దమనిషిని, స్టెంట్ వేయించుకున్న మా నాన్నగారు ఈ దారినే నడవాలండీ, దయచేసి ఆర్పండి అని ఇందాకే అడిగాను. "పొగకూ గుండెకూ ఏమిటండీ సంబంధం? అయినా మన హైదరాబాద్ ఢిల్లీ కంటే నయం కదా" అని ఆయన నాకే హితబోధ చేశారు. ఇంటి ముందుకు చెత్త బండి వచ్చే కాలనీలో ఈ హోమం ఎవరి క్షేమం కోసమో ఆయనే చెప్పాలి.

సంబంధం ఉంది మహాశయా. ఆ పొగలోని పీఎం 2.5 ధూళి, అంటే రెండున్నర మైక్రోమీటర్లకు మించని కణాలు, ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి. అక్కడ మొదలైన వాపు ప్రభావం రక్తనాళాలకు పాకి, వాటి లోపలి పొరను దెబ్బతీసి, రక్తపోటును పెంచి, రక్తం తేలికగా గడ్డకట్టేలా చేసి, ఏళ్లుగా పేరుకున్న కొవ్వు పూడిక చిట్లడానికి దారి తీస్తుంది. కొన్ని గంటల పాటు పీల్చినా గుండెపోటుకు కారణం కావచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనే స్పష్టంగా చెప్పింది. పైగా చలికాలం తెల్లవారుజామున గాలి పైకి లేవదు కనుక పొగంతా నేలబారునే ఉంటుంది. డాక్టర్లు నడవమనేదీ, వీరు తగలబెట్టేదీ సరిగ్గా అప్పుడే.

ఇక ఢిల్లీ సంగతి. పక్కింటివాడికి నూటనాలుగు జ్వరం ఉంది కనుక మన నూటరెండును ఆరోగ్యమనుకోవాలన్నమాట! సనత్‌నగర్‌లో, జూపార్కు దగ్గర గాలిని కొలిచే యంత్రాలున్నాయి. అయితే మన దేశపు గాలి నాణ్యత సూచీలో ఇరవై నాలుగు గంటల సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములున్నా ఆ గాలి "సంతృప్తికరం". ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. నాలుగింతల విషం పీల్చి సంతృప్తి చెందే భాగ్యం మనది.

అసలు ఆసుపత్రులవారినైనా ఏమనాలి? నాన్నగారిని చేర్చిన రోజు సిగరెట్, మందు, షుగర్, తాతగారి గుండెపోటు అన్నీ అడిగి రాసుకున్నారు. జీవితమంతా జీడిమెట్ల ఫ్యాక్టరీల పక్కన ఉద్యోగం చేసిన మనిషిని ఏ గాలి పీల్చారని ఒక్కరూ అడగలేదు. డిశ్చార్జి కాగితంలో మాత్రం "రోజూ ఉదయం స్వచ్ఛమైన గాలిలో నడవాలి" అని రాసిచ్చారు. ఆ గాలి ఏ మెడికల్ షాపులో దొరుకుతుందో కూడా రాసి ఉంటే తెచ్చుకునేవాళ్లం.