డిశ్చార్జ్ సమ్మరీ చేతికిస్తే సరిపోతుందా?

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఫార్మసీ విద్యార్థులను వార్డుల్లో తిప్పి, ఇంటికెళ్లే రోగులతో మాట్లాడించడం దండగట. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి రాసిచ్చే డిశ్చార్జ్ సమ్మరీలో అన్నీ ఉంటాయట, డాక్టరూ నర్సూ చెబుతారట, ఫార్మసిస్టు పని మందులివ్వడమేనట. ఆ పిల్లలకు పాఠం చెప్పే మనిషిగా దీనికి జవాబు చెప్పాలి.

సమ్మరీలో ఉండేది ఆసుపత్రి రాసిన మందులు. ఇంటి అలమారాలో ఏముందో అందులో ఉండకపోవచ్చు. హిందూపురం నుంచి స్టెంట్ వేయించుకోవడానికి వచ్చిన పెద్దాయన సంగతే తీసుకోండి. ఊళ్లో డాక్టరు ఎప్పుడో రాసిన ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్ మాత్రే, రోజూ వేసుకుంటుంటాడు. ఇక్కడ రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ కలిసిన క్యాప్సూల్ రాస్తారు. పేరు వేరు, రంగు వేరు. ఇంటికెళ్లి రెండూ మింగుతాడు. ఆస్పిరిన్ రెండింతలై, కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఇది దొరకాలంటే పాత స్ట్రిప్పులన్నీ తెప్పించి, మంచం మీద పరిచి, వెనక చిన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదివి, కొత్త చీటీతో ఒక్కొక్కటే సరిచూడాలి. తేడా కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. మందు మార్చేది డాక్టరే, విద్యార్థి కాదు. మేం నేర్పేది ఈ పనే.

డాక్టరూ నర్సూ చెబుతారు, నిజమే. కానీ డిశ్చార్జ్ రోజు బిల్లు, ఇన్సూరెన్స్ అప్రూవల్, బస్సు టైము, అంతా టెన్షనే. కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెప్పినదానికి పెద్దాయన తలూపుతాడు. "అర్థమైందా?" అంటే ఎవరైనా అయిందనే అంటారు. అందుకే మా పిల్లలను ఆ ప్రశ్న అడగొద్దంటాం. "తాతా, రేపు పొద్దున ఏ మాత్ర వేసుకుంటావో చూపించు" అని తెలుగులో అడగమంటాం. కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అలాంటి పొరపాటు ఇలా చూపించమన్నప్పుడే బయటపడుతుంది.

ఇక ఫార్మసిస్టు పని కాదన్న మాట. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లోనే రోగికి కౌన్సెలింగ్ ఫార్మసిస్టు బాధ్యతగా ఉంది. 2008లో వచ్చిన ఫార్మ్‌డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు ఆరేళ్లలో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముఖ్యంగా తీసుకున్న మూడు అంశాల్లో, రోగి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారే సమయం ఒకటి.

మేం అడుగుతున్నది డిశ్చార్జ్‌కు ముందు ఒక అరగంట, పక్కన ఒక సీనియర్ ఫార్మసిస్టు.