వెబ్ ఆప్షన్లలో భయం రాయొద్దు, ఇష్టం రాయండి

జూన్ వచ్చిందంటే ఇంటర్ పూర్తయిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే చర్చ. ఈ ర్యాంకుకు ఇంజినీరింగ్ సీటు ఎక్కడ వస్తుంది, వెబ్ ఆప్షన్లలో ఏ కాలేజీని పైన పెట్టాలి, దేన్ని కింద పెట్టాలి. గత ఏడాది చివరి ర్యాంకుల పట్టికలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. పక్కింటి అబ్బాయి ఎలా పెట్టాడో తెలుసుకుంటారు. డబ్బు తీసుకుని ఆప్షన్లు పెట్టించే కన్సల్టెంట్ల దగ్గర అపాయింట్‌మెంట్లు దొరకవు. ఇన్నేళ్లుగా ఈ తంతు చూస్తున్నవాడిగా నా మాట మొదటే చెప్పేస్తాను. రావడం, రాకపోవడం గురించి ఆలోచించి ఆప్షన్ల వరస పెట్టడం తప్పు. అన్నిటికంటే ఇష్టమైనది అన్నిటికంటే పైన ఉండాలి. దాని తర్వాత ఇష్టమైనది దాని కింద ఉండాలి. వరస విషయంలో ఇంతకు మించి చూడాల్సింది ఏమీ లేదు.

కరీంనగర్‌లో నాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటుంది. తండ్రి బ్యాంకు ఉద్యోగి. కూతురికి లెక్కలంటే ప్రాణం. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఒక పాత ఎన్ఐటీలో మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ చదవాలని ఆ అమ్మాయి కోరిక. అంతకు ముందు ఏడాది ఆ బ్రాంచిలో సీట్లు ఈమె ర్యాంకు కంటే ఓ మూడు వందలు ముందే అయిపోయాయి. 'రాదమ్మా, ఒక ఆప్షన్ వేస్ట్ అవుతుంది' అని కన్సల్టెంట్ దాన్ని జాబితాలోంచి తీసేసి, 'సేఫ్' కాలేజీలను పైకి ఎక్కించారు. మొదటి రౌండ్‌లోనే పైన పెట్టిన సేఫ్ సీటు వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. నాలుగో రౌండ్ ఫలితాలు చూస్తే, ఆ అమ్మాయి కోరుకున్న బ్రాంచి ఆమె ర్యాంకు దాటి ఇంకా కిందికి వెళ్లింది. జాబితాలో మొదటి గడిలో దాని పేరు ఉండి ఉంటే చాలు, సీటు ఆమెదే. ఆ గడికి పైసా ఖర్చు లేదు. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు జరిగే ఉమ్మడి కౌన్సెలింగ్ జోసాలో ఇన్నే ఆప్షన్లు పెట్టాలనే పరిమితీ లేదు. వేస్ట్ అయ్యేది ఏముంది?

మన వాళ్ల భయానికి మూలం ఒక అపోహ. ఫలానా కాలేజీని రెండో ఆప్షన్‌గా పెడితే, దాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టినవాళ్లు మనకంటే ముందు సీటు తన్నుకుపోతారని అనుకుంటారు. అలా జరగదు. మీ ర్యాంకు 5,000 అనుకుందాం. మొదటి ఆప్షన్‌లో ఉన్న సీటు గత ఏడాది 4,000 దగ్గర ఆగింది, రెండో ఆప్షన్‌లో ఉన్నది 5,500 దగ్గర ఆగింది. కంప్యూటర్ ముందు మీ మొదటి ఆప్షన్ చూస్తుంది. అక్కడ మీకంటే మంచి ర్యాంకుల వాళ్లతో సీట్లు నిండిపోతే మిమ్మల్ని రెండో దానికి పంపుతుంది. అక్కడ ఒకే ఒక ప్రశ్న: ఈ కేటగిరీలో ఈ సీటు అడుగుతున్నవాళ్లలో ఎవరి ర్యాంకు మెరుగు? 5,001 ర్యాంకు అబ్బాయి ఆ సీటును తన మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా సరే, సీటు మీకే. అప్పటికే అతనికి తాత్కాలికంగా ఇచ్చి ఉంటే అతని దగ్గర్నుంచి తీసి మీకిస్తుంది. మీరు దాన్ని ఎన్నో ఆప్షన్‌గా పెట్టారన్న సంగతి ఆ సీటుకు తెలియను కూడా తెలియదు.

ఈ పద్ధతి మన కౌన్సెలింగ్ కోసం పుట్టింది కాదు. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో ఒక చిన్న పరిశోధన పత్రంలో దీన్ని వివరించారు. ఆల్విన్ రోత్ దాన్ని డాక్టర్లకు ఆస్పత్రులను, పిల్లలకు స్కూళ్లను కేటాయించే పనిలోకి తెచ్చారు. 2012లో రోత్‌కు, షాప్లీకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 2015లో ఐఐటీల కౌన్సెలింగ్‌ను, ఎన్ఐటీల కౌన్సెలింగ్‌ను కలిపి జోసా పెట్టినప్పుడు ఇదే సూత్రం మీద కేటాయింపు కట్టారు. దీని గొప్పదనం ఏమిటంటే, అడిగేవాడు తన ఇష్టాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎప్పుడూ నష్టపోడని లెక్క ప్రకారం నిరూపించవచ్చు. ఎత్తులు వేయాల్సిన పని లేదు. తెలివైన కన్సల్టెంట్‌ను పెట్టుకున్న ఇంటికి, ఊళ్లో నెట్ సెంటర్‌లో కూర్చుని ఆప్షన్లు పెట్టే కూలీ ఇంటికి తేడా ఉండదు. ఇంత న్యాయమైన పద్ధతి ఈ దేశంలో ఇంకెన్ని చోట్ల ఉంది? అలాంటి దాన్ని చేతిలో పెట్టుకుని మనం దానికి అబద్ధం చెబుతున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

అన్ని చోట్లా ఇలా ఉండదన్నది నిజమే. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒకప్పుడు బడి సీట్లు ఇచ్చేటప్పుడు మొదటి ఆప్షన్‌గా పెట్టిన పిల్లలకే ముందు ఇచ్చేవారు. మంచి బడిని మొదట రాసి అది రాకపోతే, రెండోది కూడా అప్పటికే నిండిపోయేది. లోకం తెలిసిన తల్లిదండ్రులు లెక్కలు వేసుకుని రాసేవారు, తెలియనివాళ్ల పిల్లలు నష్టపోయేవారు. 2005లో ఆ పద్ధతిని తీసేసి గేల్, షాప్లీల పద్ధతి తెచ్చుకున్నారు. అక్కడున్న మన వాళ్ల పిల్లలు డిగ్రీకి అప్లై చేసేటప్పుడు లెక్క వేరు. ఎర్లీ డెసిషన్ కింద ఒక్క యూనివర్సిటీకే అప్లై చేయాలి, వస్తే అక్కడే చేరతామని మాట ఇవ్వాలి. ఆ ఒక్క అవకాశాన్ని ఎక్కడ వాడాలన్నది నిజంగానే తలనొప్పి. ఇక్కడ ఆ తలనొప్పి లేదు. తెలంగాణ ఎప్‌సెట్, ఏపీ ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లలో కూడా ర్యాంకు ప్రకారం, మీరు పెట్టిన వరస ప్రకారమే సీటు ఇస్తారు. అక్కడా ఇదే మాట వర్తిస్తుంది.

ఫ్లోట్ గురించి కూడా ఇలాంటి భయమే. వచ్చిన సీటు ఉంచుకుని, జాబితాలో దానికి పైన ఉన్నవాటి కోసం చూడటమే ఫ్లోట్. ఫ్లోట్ పెడితే చేతిలో ఉన్న సీటు పోతుందని చాలామంది మొదటి రౌండ్‌లోనే 'ఇదే చాలు' అని ఫ్రీజ్ నొక్కేస్తారు. ఫీజు కట్టి, సర్టిఫికెట్లు గడువులోగా అప్‌లోడ్ చేస్తే ఆ సీటు ఎక్కడికీ పోదు. మీ జాబితాలో దానికంటే పైన ఉన్నది ఖాళీ అయితేనే మారుతుంది. అదే కాలేజీలో మెరుగైన బ్రాంచి మాత్రమే కావాలంటే స్లైడ్. అయితే ఒక్క జాగ్రత్త. పైది వచ్చిందంటే కిందిది తిరిగి రాదు. అందుకే ఇష్టం లేనిదాన్ని పేరు కోసం పైన పెట్టకూడదు. నలుగురిలో 'మా వాడు ఐఐటీ' అనిపించుకోవడానికి, పిల్లవాడికి ఏమాత్రం ఇష్టం లేని బ్రాంచిని ఎన్ఐటీలో అతను కోరుకున్న సీటు కంటే పైన పెట్టే ఇళ్లు నేను చూశాను. ఆ ఐఐటీ సీటు వచ్చేస్తుంది, ఎన్ఐటీ సీటు మాయమవుతుంది. చేరాక బ్రాంచి మార్చుకోవచ్చులే అంటారు. కొన్ని ఐఐటీలు ఆ సౌకర్యం ఎత్తేశాయి. పోనీ మళ్లీ రాద్దామన్నా, ఐఐటీ సీటు ఖాయం చేసుకున్నవాళ్లకు తర్వాతి ఏడాది ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే వీలుండదు.

'మీరు చెప్పడానికి బాగానే ఉంటుంది, మధ్యతరగతి వాళ్లం, ఇష్టాలు చూసుకుంటే ఉద్యోగం ఎవరిస్తారు' అని అడుగుతారు. ఆ ప్రశ్నను నేను చిన్నబుచ్చను. అప్పు చేసి చదివించే తండ్రికి ఉద్యోగమే మొదటి ఇష్టం కావచ్చు. కంప్యూటర్ సైన్స్ కావాలని పిల్లలు నిజంగా అనుకుంటే అదే పైన పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కానీ డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షలోపు ఉంటే మిగతావాళ్లకూ పూర్తి మాఫీ. 5 లక్షల లోపైతే మూడింట రెండు వంతులు తగ్గుతుంది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్ (స్టాటిస్టిక్స్ డిగ్రీ) చదివితే ట్యూషన్ ఫీజు లేకపోగా వాళ్లే నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. పేదరికం వల్ల ఇష్టం వదులుకున్నామని చెప్పే ఇళ్లలో ఎన్నింటికి ఈ సంగతులు చేరాయి?

అసలు సమస్య ఇక్కడే ఉంది. వరస ఇష్టం ప్రకారం పెట్టమని చెబితే, పిల్లలు మొహాలు చూస్తారు. ఇష్టమా? అదేమిటో వాళ్లనెవరూ అడగలేదు. పదో తరగతి పరీక్షలు రాయకముందే కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి ఫీజు తగ్గిస్తామని చెప్పి ఎంపీసీలో సీటు రాయించుకుని వెళ్తాడు. ఆ తర్వాత రెండేళ్లు హాస్టల్. తెల్లవారకముందు మొదలై రాత్రి పొద్దుపోయే దాకా స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు, ర్యాంకును బట్టి సెక్షన్లు. ఫిజిక్స్‌లో ఏ పాఠం చదివితే నిద్ర మర్చిపోయామో గమనించుకునే తీరిక ఆ పిల్లలకు ఉండదు. రెండేళ్ల తర్వాత ఒక వెబ్‌సైట్ వాళ్లను మొదటిసారి అడుగుతుంది: నీకేం కావాలి? జవాబు లేక, ఆ గడులను కన్సల్టెంట్ చేతికిస్తారు.

పైగా ఆ ప్రశ్న జూన్‌లో అడిగితే అప్పటికే సగం తలుపులు మూసుకుపోయి ఉంటాయి. నల్సార్ లాంటి న్యాయ విశ్వవిద్యాలయాల కోసం క్లాట్ డిసెంబర్‌లో రాయాలి. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ చదవాలంటే యూసీడ్ జనవరిలో ఉంటుంది. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు, చెన్నై దగ్గర సిరుసేరిలో ఉన్న చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ప్రవేశ పరీక్షలు వేరు, దరఖాస్తులు ఎండాకాలంలోనే. తిరుపతిలో మన కళ్లెదుట సైన్స్ చదువులకు కేంద్రం పెట్టిన ఐసర్ ఉంది. దానికి ఐఏటీ అనే పరీక్ష వేరుగా రాయాలని ఎంతమంది ఎంపీసీ, బైపీసీ పిల్లలకు వాళ్ల కాలేజీ చెప్పింది? ఎంపీసీ చదివిన అమ్మాయి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీలో ఒక భాషతో పాటు తన లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ రాసి ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు పోటీ పడవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులకూ సీయూఈటీనే దారి. కార్పొరేట్ కాలేజీల హోర్డింగుల మీద ఈ ర్యాంకులకు చోటు లేదు. అందుకే ఆ తరగతి గదుల్లో వాటి పేరు కూడా వినిపించదు.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి జీవితం నాకు ఈ సందర్భంలో ప్రతిసారీ గుర్తొస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ఆయన ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఉద్యోగం రాలేదు. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి అక్కడ పరిచయమైన ఒక మనిషి ద్వారా తెలిసింది. వెళ్లి చూశారు, 1941లో చేరారు. నాలుగేళ్లు తిరిగేసరికి, ఈ రోజు ప్రపంచమంతా స్టాటిస్టిక్స్ విద్యార్థులు చదువుకునే క్రామర్–రావు సూత్రం ఉన్న పత్రం రాశారు. నూట రెండేళ్ల వయసులో, 2023లో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని అదే ఏడాది ఆగస్టులో వెళ్లిపోయారు. తెలుగువాళ్లు పుట్టించిన అంత పెద్ద గణాంక శాస్త్రవేత్తకు తన చోటు అనుకోకుండా దొరికింది. ఎనభై ఏళ్లు దాటాక కూడా మన పిల్లలకు ఆ చోటు పేరు ఎవరైనా అనుకోకుండా చెబితేనే తెలియాలా?

ఇంటర్ బోర్డులు రెండింటికీ నా విన్నపం ఒకటే. సెకండ్ ఇయర్ మొదలైన రోజున ప్రతి విద్యార్థి చేతిలో ఒక్క కాగితం పెట్టండి: దేశంలో ఏ సంస్థకు ఏ పరీక్ష, దరఖాస్తు ఎప్పుడు, ఫీజు ఎంత, మాఫీ ఎవరికి. ఆ కాగితం కాలేజీ నోటీసు బోర్డు మీద తెలుగులో ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లకూ ఒక మాట. దసరా సెలవులకు పిల్లలు హాస్టల్ నుంచి వచ్చినప్పుడు మార్కులు అడిగే ముందు, ర్యాంకుతో సంబంధం లేకుండా ఏ పది చోట్ల చదవాలనుందో రాయించండి. జూన్‌లో లాక్ చేసే ముందు జోసా రెండుసార్లు మాక్ అలాట్‌మెంట్ (నమూనా కేటాయింపు) ఇస్తుంది. అప్పుడు ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని, జాబితా దానికి దగ్గరగా ఉందో లేదో చూడండి.

కరీంనగర్ అమ్మాయి తమ్ముడు ఇప్పుడు ఇంటర్ సెకండ్ ఇయర్. మొన్న దసరాకు అక్కే వాడిని కూర్చోబెట్టి అలాంటి కాగితం రాయించింది. తండ్రి దాన్ని ఫోటో తీసి నాకు పంపారు, వెంటనే ఫోన్ కూడా చేశారు. మూడో వరసలో సిరుసేరి అని రాశాడు, అదెక్కడుందని ఆయన ప్రశ్న. చెన్నై దగ్గరే, లెక్కలు బాగా చెబుతారు అన్నాను. 'అప్లికేషన్ ఎప్పుడు పడుతుందో కాస్త చూసి చెప్పండి' అన్నారు.