పంతులు లేని పెళ్లి, కట్నం ఉన్న పెళ్లి

చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ గొడవ కొత్తేం కాదు. పెరంబూర్‌లోనో టీ నగర్‌లోనో ఒక అబ్బాయి "పంతులు వద్దు, దండలు మార్చుకుంటాం" అంటాడు. "అగ్నిసాక్షి లేకుండా అదేం పెళ్లిరా, నీతీ నియమం అక్కర్లేదా" అని ఇంట్లో పెద్దాయన లేస్తారు.

చట్టం దగ్గర పేచీ ఎప్పుడో తీరిపోయింది. 1967లో అణ్ణాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి సవరణ తెచ్చింది కాబట్టి, బంధువులో స్నేహితులో ఎదురుగా ఉండగా దండలు మార్చుకున్నా, ఉంగరాలు తొడుక్కున్నా, తాళి కట్టినా ఈ రాష్ట్రంలో ఆ పెళ్లి చెల్లుతుంది. అంతకుముందు, కులాన్నీ మతాన్నీ ఎదిరించిన పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమంలో పంతులు లేకుండా జరిగిన పెళ్లిళ్లకూ అదే సవరణ చెల్లుబాటు ఇచ్చింది.

అయినా ఇంట్లో గొడవ ఆగదు. దేవుడంటే భయం పోతే మనిషి దేనికైనా తెగిస్తాడని పెద్దాయన నమ్మకం, ఊళ్లో ఉన్న అన్యాయమంతా మతం పెంచిందేనని అబ్బాయి నమ్మకం, ఇక ఇద్దరిలో ఎవరూ ఎదుటివాళ్లు ఎలా బతుకుతున్నారో చూడరు, ఏం నమ్ముతున్నారో తెలిస్తే చాలు, మంచో చెడో తేల్చేస్తారు. మా ప్రెస్సులో మేమేం వేరు కాదు. ఆయుధపూజ రోజు మా ప్రింటింగ్ మెషీన్‌కి బొట్టు పెట్టాలా వద్దా అని ఏటా వాదించుకుంటాం, చివరికి మరమరాలు మాత్రం అందరం తింటాం.

మాకు ఒళ్లు మండేది కట్నం దగ్గర. 1961లోనే దాన్ని నేరం చేశారు. మంత్రాలు చదివించే ఇంట్లో అది లాంఛనం అవుతుంది, దండల పెళ్లి చేసే ఇంట్లో "అమ్మాయి వాళ్ల నాన్న ఇష్టంగా రాసిచ్చిన ఫ్లాటు" అవుతుంది. అప్పుడు దేవుడూ గుర్తురాడు, ఆత్మగౌరవమూ గుర్తురాదు!

రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యం అనే హద్దులు పెట్టింది. ఆ నీతి ఏదో ఒక మతానిదో, మతం వద్దనేవాళ్లదో అయితే మిగతావాళ్లకి అందులో చోటుండదు. పెళ్లి ఏ పద్ధతిలో చేసుకోవాలన్నది ఆ ఇద్దరి ఇష్టం, అందులో ప్రభుత్వానికీ మాకూ చుట్టాలకీ పనిలేదు. ఆ పిల్ల పుట్టింటిని ఎంత పిండారన్నది మాత్రం అందరికీ పట్టాల్సిన విషయం.

ఈసారి శుభలేఖ పట్టుకుని ఎవరైనా వస్తే, పంతులుంటాడా లేడా అని కాకుండా, పిల్ల తండ్రి ఎంత అప్పు చేశాడని అడిగి చూడండి. మొహమాటంగానే ఉంటుంది.