సవరణ: రెడ్ ఫ్లాగ్ చట్టాల గురించి నేను రాసినదాంట్లో రెండు తప్పులు

ప్రమాదకరంగా ప్రవర్తిస్తున్నవాళ్ల దగ్గర ఉన్న తుపాకులను కొంతకాలం తీసేయమని అమెరికాలోని ఫ్లోరిడాలో రెడ్ ఫ్లాగ్ చట్టం కింద కుటుంబసభ్యులు నేరుగా కోర్టును అడగొచ్చని పోయిన వారం రాశాను. అది తప్పు. పార్క్‌లాండ్ స్కూల్లో కాల్పుల తర్వాత 2018లో వచ్చిన ఆ చట్టం ప్రకారం పిటిషన్ వేయగలిగేది పోలీసులే. ఇంట్లోవాళ్లు వెళ్లి వాళ్లకు చెప్పుకోవాలి, అంతే. నేను దాన్ని కాలిఫోర్నియాతో కలిపేశాను. అక్కడైతే ఇంటివాళ్లే వేయొచ్చు. కొన్ని షరతులతో 2020 సెప్టెంబరు నుంచి యజమానులు, తోటి ఉద్యోగులు, టీచర్లు కూడా వేయొచ్చు.

ఫ్లోరిడాలో అవతలి మనిషి వాదన వినకుండానే తాత్కాలిక ఆర్డర్ ఇవ్వొచ్చు. కానీ 14 రోజుల్లోపు విచారణ జరగాలి. తుది ఆర్డర్ గరిష్ఠంగా 12 నెలలు, ఆపైన కావాలంటే మళ్లీ అడగాలి. "శాశ్వతంగా లాగేసుకుంటారు" అని కామెంట్ పెట్టినవాళ్లు ఇది గమనించాలి.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. 2024 నాటి రహీమీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ రెడ్ ఫ్లాగ్ చట్టాలను సమర్థించిందన్నాను. నిజానికి 8-1 మెజారిటీతో నిలబెట్టింది వేరే ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టాన్ని: గృహహింస కేసుల్లో కోర్టు నిషేధాజ్ఞ ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోకూడదనేదాన్ని. హెడ్‌లైన్ చదివి రాస్తే ఇలాగే అవుతుంది.

డల్లాస్ నుంచి అడిగినవాళ్లకు: టెక్సస్‌లో రెడ్ ఫ్లాగ్ చట్టమే లేదు.