జావా పల్లెలో పొలం ఎవరిది?

ఇండోనేషియాలోని జావా దీవిలో విదేశీయులు ఇంటి స్థలం కొనుక్కోవడం గురించి వచ్చిన ఒక వ్యాసంలో అక్కడి పల్లె ప్రశాంతతనూ, చౌకగా దొరికే స్థలాన్నీ మనసారా పొగిడారు. కాదనను. అయితే స్థానికుడి పేరు మీద కొని, లోపాయికారీగా కాగితం రాయించుకుంటే చాలన్న సలహా మాత్రం నిండా ముంచేదే. ఇండోనేషియా 1960 భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం (హక్ మిలిక్) ఆ దేశ పౌరులకే. దొడ్డిదారిన విదేశీయుడికి బదలాయిస్తే ఆ లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వపరమవుతుంది, ఇచ్చిన సొమ్ము తిరిగి అడగడానికీ వీల్లేదు. ఆ చట్టం 21, 26 అధికరణాల్లో ఇదంతా స్పష్టంగానే ఉంది.

ఊళ్లో కనిపించే ప్రతి మడీ అమ్మకానికి వచ్చేదీ కాదు. గ్రామపెద్దకు జీతం కింద ఇస్తూ వచ్చిన 'బెంకోక్' భూమినే చూడండి. పదవి ఉన్నన్నాళ్లే దాని ఫలసాయం ఆయనది. దిగిపోగానే పొలం తర్వాతివారి చేతికి వెళ్తుంది. చాలా కుటుంబాలకు తాతల నాటి ఆధారం గ్రామ కార్యాలయంలోని 'లెటర్ సి' పుస్తకంలో ఒక పద్దు మాత్రమే. అది శిస్తు లెక్కే తప్ప హక్కు పత్రం కాదు. 2017లో ఊళ్లకు ఊళ్లు నమోదు చేసే పథకం మొదలయ్యాకే ఎందరికో సర్టిఫికెట్టు చేతికందింది.

ఇక సెంటు భూమి లేనివారి ఊసే వ్యాసంలో లేదు. 'మారో' పద్ధతిలో పంటలో సగం భూయజమానికి కొలిచే కౌలుదారును కూడా అడిగి ఉంటే, ఆ ప్రశాంతత గురించి ఆయన ఇంకో మాట చెప్పేవాడేమో.